పక్షవాతానికి పెట్టే డబ్బు: గడ్డ తీసే యంత్రానికా, బీపీ మాత్రకా?

2019లో ప్రపంచమంతటా పక్షవాతంతో సుమారు 65 లక్షల మంది మరణించగా, వారిలో 86 శాతం ధనిక దేశాలకు వెలుపలివారేనని గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ అధ్యయనం అంచనా వేసింది. వయసుల తేడాను సర్ది చూసినా, అతి పేద దేశాల్లో ఈ మరణాల రేటు ధనిక దేశాల కంటే మూడున్నర రెట్లు ఉంది. ఇలాంటి దేశాల్లో ఆరోగ్య శాఖకు దొరికే కొద్దిపాటి నిధిని ఆసుపత్రిలో పెట్టడం మేలా, ఊళ్లో పెట్టడం మేలా?

ముందు ఆసుపత్రి సంగతి చూద్దాం. మెదడు రక్తనాళంలో అడ్డుపడిన గడ్డను కరిగించే ఆల్టెప్లేస్ ఇంజెక్షన్ ఉపయోగపడుతుందని 1995లోనే రుజువైంది. అయితే దాన్ని లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి; అంతకు ముందే సీటీ స్కాన్ తీసి, రక్తనాళం చిట్లలేదని నిర్ధారించుకోవాలి, ఎందుకంటే చిట్లిన చోట ఈ మందు ప్రాణం తీస్తుంది. చిట్లడం వల్ల వచ్చే పక్షవాతం వాటా పేద దేశాల్లోనే ఎక్కువ కాబట్టి, చాలామంది రోగులకు ఈ మందు మొదటి నుంచీ పనికిరాదు. పనికొచ్చేవారిలోనూ, పసరు మందు కోసం వెళ్లి ఆ నాలుగున్నర గంటలు పోగొట్టుకునే అలవాటు మన పల్లెల్లోనూ ఉన్నదే. రక్తనాళంలోకి గొట్టం పంపి గడ్డను బయటికి లాగే చికిత్స ఇంకా ఖరీదైనది. అలాగని అది ధనికులకే పరిమితమైన వైద్యమని తోసిపుచ్చలేము: బ్రెజిల్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో 221 మందిపై జరిగి 2020లో వెలువడిన ప్రయోగంలో, ఈ చికిత్స పొందినవారిలో 35 శాతం మంది తమ పనులు తాము చేసుకోగలిగారు, పొందనివారిలో అది 20 శాతమే.

ఆసుపత్రిలోనే మరో దారి కూడా ఉంది, దానిపై చర్చ తక్కువ. అది పక్షవాత రోగులకు ప్రత్యేక వార్డు. మింగగలడో లేదో చూశాకే నోటికి ఆహారం ఇవ్వడం, పుండ్లు పడకుండా పక్కకు తిప్పడం, త్వరగా వ్యాయామం మొదలుపెట్టడం వంటి పనులకు యంత్రాల కంటే శిక్షణ పొందిన నర్సులు కావాలి. గడ్డ కట్టినా, రక్తనాళం చిట్లినా రెండింటికీ ఇది మేలు చేస్తుంది. ఈ భారాన్ని కుటుంబంపైకి నెట్టి చేతులు దులుపుకోవడం కుదరదు. మన దేశంలో 14 ఆసుపత్రుల నుంచి 1,250 మందిని తీసుకుని, వ్యాయామం చేయించడంలో ఇంటివారికి శిక్షణ ఇచ్చిన ప్రయోగంలో రోగుల స్థితి ఏమీ మెరుగుపడలేదని 2017లో తేలింది.

ఇక ఊరి సంగతి. పక్షవాతానికి అన్నిటికంటే పెద్ద కారణం అధిక రక్తపోటు. చైనాలో 326 గ్రామాల్లో పల్లె వైద్యులే, పైస్థాయి వైద్యుల పర్యవేక్షణలో, ఒక పద్ధతి ప్రకారం బీపీ మందులు ఇచ్చి, రోగులను వెన్నంటి చూసుకుంటే, మూడేళ్లలో పక్షవాతం సుమారు మూడో వంతు తగ్గింది. అక్కడే 600 గ్రామాల్లో వంట ఉప్పులో నాలుగో వంతు పొటాషియం లవణం కలిపి వాడించగా 14 శాతం తగ్గింది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మాత్రం ఈ ఉప్పు ప్రమాదకరం. 2017 చివర మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ కూడా ఒకటి. ఈ దారికీ లోపాలున్నాయి: బాధ ఏమీ తెలియని జబ్బుకు రోజూ మాత్ర వేసుకోమంటే మానేసేవారే ఎక్కువ, ఆరోగ్య కేంద్రంలో మందులు నిండుకుంటే వేసుకునేవారూ మానేస్తారు. పైగా రాని పక్షవాతానికి ప్రారంభోత్సవం చేయలేరు కదా. నాయకులకు ఇది రుచించకపోవడానికి అదొక కారణమని నా అనుమానం.

నా తూకంలో మొదటి రూపాయి బీపీ మాత్రకు, రెండోది జిల్లా ఆసుపత్రిలో పక్షవాత వార్డుకు వెళ్లాలి. గడ్డ లాగే చికిత్స పెద్ద నగరాల బోధనాసుపత్రులకు చాలు. అంబులెన్సు వేళకు చేరి, సీటీ యంత్రం రాత్రింబవళ్లు పనిచేసే జిల్లాల్లో ఇంజెక్షన్‌ను వార్డుతో పాటే మొదలుపెట్టవచ్చు. రాత్రిపూట స్కాన్ తీసే మనిషే లేని చోట అది బీరువాలోనే గడువు తీరిపోతుంది.