బోరు మోటారుకు ఏ ప్రివెంటర్ మేలు: వోల్టేజీ చూసేదా, ఆంపియర్లు చూసేదా?

యాసంగి నాట్లు మొదలైతే చాలు, ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. "స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే ఉంది కదా, మళ్లీ సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ ఎందుకు? పెడితే ఏ రకం పెట్టాలి?" ఓవర్‌లోడ్ రిలే అంటే ఆంపియర్లు హద్దు మీరితే మోటారును ఆపేది, సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ అంటే మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారును ఆపేది. మూడు ఫేజుల మోటారు రెండు ఫేజుల మీద నడిస్తే కాలిపోతుందని రైతుకు ఒకరు చెప్పక్కర్లేదు. కానీ కొనేటప్పుడు చాలామంది ధర చూస్తారు, కంపెనీ చూస్తారు. ఆ పరికరం ఫేజు పోయిన సంగతి ఎలా కనిపెడుతుందో మాత్రం అడగరు. నా దృష్టిలో అన్నిటికంటే ముందు అడగాల్సింది అదే.

ముందు ఓవర్‌లోడ్ రిలే సంగతి. 8 ఆంపియర్లు తీసుకునే 5 హెచ్‌పీ మోటారుకు నడుస్తుండగా ఒక ఫేజు పోతే, మిగిలిన రెండు వైర్లలో దాదాపు 1.73 రెట్లు, అంటే 14 ఆంపియర్ల దాకా పారుతుంది. రిలేలోని పట్టీలు వేడెక్కి వంగితేనే స్టార్టర్ పడుతుంది, అంటే మోటారుకు కరెంటు ఆగుతుంది. అందుకు నిమిషాలు పట్టవచ్చు. పైగా చాలా స్టార్టర్ డబ్బాల్లో రిలే డయల్ మోటారు ఆంపియర్లకు తగ్గట్టు ఉండదు. ఊరికే పడిపోతోందని ఎవరో దాన్ని చివరిదాకా తిప్పేసి ఉంటారు. ఇక ఆ రిలే ఉన్నా లేనట్టే.

"ఫేజు పోతే మా స్టార్టర్ దానంతటదే పడిపోతుంది" అనేవాళ్లూ ఉన్నారు. మామూలు స్టార్టర్‌లో పాయింట్లను (కరెంటు కలిపే కాంటాక్టులను) పట్టి ఉంచే కాయిల్‌కు వెళ్లేవి రెండు ఫేజులే. ఆ రెంటిలో ఒకటి పోతే పడుతుంది. మూడోది పోతే కాయిల్ పట్టుకునే ఉంటుంది, లోపల మోటారు మాడుతూనే ఉంటుంది.

ఇప్పుడు అసలు పోలిక. వోల్టేజీ చూసే ప్రివెంటర్ చవక, బిగించడం తేలిక. లైన్‌లో ఒక ఫేజు లేకపోతే మోటారును అసలు స్టార్ట్ కానివ్వదు. ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే ఆగి ఉన్న మోటారుకు రెండు ఫేజులే ఇస్తే తిరగదు, గుయ్యిమంటూ మామూలుకంటే ఎన్నో రెట్లు ఆంపియర్లు లాగుతుంది. లైన్ రిపేరు తర్వాత ఫేజుల వరస మారితే కూడా ఇందులో కొన్ని రకాలు పట్టేస్తాయి.

కానీ మోటారు నడుస్తుండగా ఫేజు పోతే కథ వేరు. తిరుగుతున్న మోటారే ఆ పోయిన ఫేజు మీద వెనక్కి వోల్టేజీ పుట్టిస్తుంది. మీటరు పెడితే మూడు ఫేజులూ ఉన్నట్టే కనిపించవచ్చు. నాసిరకం ప్రివెంటర్ అక్కడే మోసపోతుంది. అంతకంటే పెద్ద లోటు ఇంకోటి ఉంది. ఈ రకం చూసేది స్టార్టర్‌కు వచ్చే లైన్‌ను మాత్రమే. స్టార్టర్ పాయింట్ ఒకటి మాడిపోయినా, బోరులో కేబుల్ జాయింట్ ఊడినా, దానికి పైన మూడు ఫేజులూ బాగానే కనిపిస్తాయి. మోటారుకు చేరేవి మాత్రం రెండే.

ఆంపియర్లు చూసే రకంలో మోటారుకు వెళ్లే వైర్లు చిన్న సీటీల (వైరులో పారే ఆంపియర్లను పసిగట్టే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ల) గుండా పోతాయి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజ్ పోయినా, స్టార్టర్‌లో పాయింట్ మాడినా, 300 అడుగుల లోతులో జాయింట్ ఊడినా ఒక వైరులో ఆంపియర్లు పడిపోతాయి. అది చూసి ఈ ప్రివెంటర్ కొన్ని సెకన్లలో స్టార్టర్‌ను పడేస్తుంది. ధర ఎక్కువే, మోటారు హెచ్‌పీకి సరిపోయేది చూసి తీసుకోవాలి, మోటారు ఆంపియర్లు లాగడం మొదలుపెట్టాకే దానికి తప్పు తెలుస్తుంది. అయినా ఒక్కటే కొనగలిగితే నేను దీన్నే కొనమంటాను. బోరు మోటారు కాలితే రీవైండింగ్ ఒక్కటే ఖర్చు కాదు. పైపులన్నీ ఎత్తాలి, మళ్లీ దించాలి, ఈలోపు పొట్ట దశలో ఉన్న వరి ఎండుతుంది. రెండూ చూసే డిజిటల్ ప్యానెళ్లు కూడా దొరుకుతున్నాయి. డబ్బుకు ఇబ్బంది లేకపోతే అవే తీసుకోండి.

ఏది పెట్టినా ఓవర్‌లోడ్ రిలేను తీసేయకండి. బేరింగు పట్టేసి మూడు ఫేజుల్లోనూ ఆంపియర్లు పెరిగితే కాపాడేది అదే. ఫేజుకొకటిగా ఉండే కిట్‌క్యాట్ ఫ్యూజుల బదులు, మూడు ఫేజులనూ ఒకేసారి ఆపే మూడు పోల్‌ల ఎంసీబీ పెడితే, మీ డబ్బాలోనే ఒక ఫ్యూజ్ పోయి రెండు ఫేజులయ్యే బెడద తప్పుతుంది. ఫోన్‌తో నడిపే మొబైల్ స్టార్టర్ సౌకర్యమే, కానీ అందులో సీటీలు ఉన్నాయో లేదో అడిగి కొనండి. సిమ్ ఉన్నంత మాత్రాన మోటారుకు రక్షణ ఉన్నట్టు కాదు.

ప్రివెంటర్ పదే పదే పడేస్తోందని రెండు వైర్లు కలిపి డైరెక్ట్ చేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ వేస్తుంది. అది పడేస్తోందంటే ఎక్కడో లోపం ఉందని. మోటారు నడుస్తుండగా మెకానిక్‌తో క్లాంప్ మీటరు (వైరు చుట్టూ తగిలించి ఆంపియర్లు చూసేది) పెట్టించి మూడు వైర్ల ఆంపియర్లూ చూడండి. ఒకదానిలో బాగా తేడా ఉంటే ముందు స్టార్టర్ పాయింట్లు, తర్వాత కేబుల్ జాయింట్లు, ఆ తర్వాతే వైండింగ్ చూడమనండి.