చెట్ల మీదే ఆశ పెట్టుకున్నవాళ్లకి చేదు మందు: ఎన్-రోడ్స్ సిమ్యులేటర్ సమీక్ష

ప్రపంచమంతా చెట్లు నాటితే భూతాపం ఎంత తగ్గుతుంది? పదిమందిని అడిగితే పది జవాబులొస్తాయి. ఎన్-రోడ్స్ అనే వాతావరణ సిమ్యులేటర్‌లో చెట్ల స్లైడర్‌ని (తెర మీద అటూ ఇటూ జరిపే మీట) చివరిదాకా లాగండి, సెకను తిరిగేలోపు జవాబు తెర మీద ఉంటుంది. 2100 నాటి ఉష్ణోగ్రతలో తగ్గేది డిగ్రీలో పదో వంతు, మహా అయితే పదింట రెండు వంతులు. హరితహారం ఫొటోలు చూసి మురిసిపోయినవాళ్లకి ఇది మింగుడుపడదు. ఈ సాధనం విలువంతా ఆ మింగుడుపడకపోవడంలోనే ఉంది.

ఎన్-రోడ్స్‌ని అమెరికాలోని క్లైమేట్ ఇంటరాక్టివ్ అనే లాభాపేక్ష లేని సంస్థ, వెంటానా సిస్టమ్స్ అనే మోడలింగ్ కంపెనీ, ఎంఐటీ మేనేజ్‌మెంట్ స్కూల్ స్లోన్ కలిసి తయారుచేసి 2019 చివర్లో అందరికీ తెరిచాయి. పైసా కట్టక్కర్లేదు, ఇన్‌స్టాల్ చేసేది లేదు, బ్రౌజర్ చాలు. లెక్కంతా మీ కంప్యూటర్‌లోనే జరుగుతుంది కాబట్టి పేజీ ఒకసారి పూర్తిగా తెరుచుకున్నాక నెట్ నత్తనడక నడిచినా పని ఆగదు. మన కాలేజీల సెమినార్ హాళ్లకి ఇది చిన్న సౌకర్యం కాదు.

దీని వెనక చాలా ఏళ్ల పని ఉంది. టామ్ ఫిడమన్ 1997లో ఎంఐటీలో డాక్టరేట్ కోసం ఇంధనం, ఆర్థిక వ్యవస్థ, వాతావరణం ఒకదాన్నొకటి ఎలా కదిలిస్తాయో చూపే మోడల్ కట్టారు. తర్వాత వచ్చిన సీ-రోడ్స్‌ని 2009 కోపెన్‌హాగన్ వాతావరణ చర్చల కాలంలో అమెరికా ప్రతినిధి బృందం వాడింది. ఏ దేశం ఎంత మాటిచ్చింది, అన్నీ కలిపితే ఎన్ని డిగ్రీలకి చేరతాం అనే కూడిక అది. అదే కుటుంబంలో పుట్టిన ఎన్-రోడ్స్ దేశాల లెక్క పక్కనపెట్టి, ఏ విధానం ఎంత పని చేస్తుందన్నది చూపిస్తుంది.

ఇలాంటిది ఎందుకు కావాల్సి వచ్చిందో తెలియాలంటే ఎంఐటీ ప్రొఫెసర్ జాన్ స్టెర్మన్, లిండా బూత్ స్వీనీ 2007లో ప్రచురించిన ప్రయోగం చూడాలి. ఉద్గారాలు పెరగకుండా ఆపితే గాలిలో కార్బన్ డయాక్సైడ్ కూడా పెరగకుండా ఆగిపోతుందని ఎంఐటీ పీజీ విద్యార్థుల్లోనే ఎక్కువమంది పొరబడ్డారు. మన భాషలో చెప్పాలంటే చెరువు లెక్క. వాగు నుంచి వచ్చే నీరు తూము నుంచి పోయేదానికంటే ఎక్కువ ఉన్నంతకాలం మట్టం పెరుగుతూనే ఉంటుంది, వాగు నిలకడగా పారుతున్నా సరే. అడవులు, సముద్రాలు కలిసి పీల్చుకునేది మన ఉద్గారాల్లో సుమారు సగమే. ఈ ఒక్క సంగతి బుర్రకెక్కకుండా స్లైడర్లు జరపడం వృథా.

తెర మీద పైన రెండు గ్రాఫులు, కుడి పక్కన 2100 నాటి ఉష్ణోగ్రత, కింద స్లైడర్లు. బొగ్గు, చమురు, గ్యాస్, అణువిద్యుత్, పునరుత్పాదక ఇంధనం, కార్బన్ ధర (కార్బన్ డయాక్సైడ్ వదిలినందుకు టన్నుకింత అని వసూలు చేసేది), రవాణా, భవనాలు, జనాభా, అడవులు, మీథేన్ ఇలా వరుసగా ఉంటాయి. ఏమీ కదపకపోతే ప్రస్తుత వెర్షన్‌లో అంకె, అంటే పారిశ్రామిక యుగానికి ముందుతో పోలిస్తే పెరుగుదల, 3.3 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. ఒక్కో స్లైడర్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే లోపలి సెట్టింగులు తెరుచుకుంటాయి. కార్బన్ ధర ఏ ఏడాది మొదలవ్వాలి, పూర్తి రేటుకి చేరడానికి ఎన్నేళ్లు పట్టాలి లాంటివన్నీ అక్కడే మార్చాలి. చాలామంది ఈ చుక్కల జోలికి పోరు. సగం సరుకు అక్కడే ఉందని మాత్రం చెప్పాలి.

పునరుత్పాదక ఇంధనానికి భారీ సబ్సిడీ ఇచ్చి చూడండి. సౌర, పవన విద్యుత్తు గీత పైకి లేస్తుంది, ఉష్ణోగ్రత మాత్రం అంతగా కదలదు. కారణాలు మూడు. ఇప్పటికే కట్టిన బొగ్గు ప్లాంట్లు దశాబ్దాల పాటు నడుస్తూనే ఉంటాయి. కరెంటు చౌక అయితే వాడకం పెరుగుతుంది. పైగా కొత్త సౌర విద్యుత్తు బొగ్గుతో పాటు అణువిద్యుత్ చోటు కూడా కొంత తీసుకుంటుంది. ఇప్పుడు బొగ్గు మీద పన్ను వేయండి. బొగ్గు తగ్గుతుంది కానీ గ్యాస్ పొంగుతుంది, బెలూన్‌ని ఒకవైపు నొక్కినట్టు. కార్బన్ ధర పెంచితే బొగ్గు, చమురు, గ్యాస్ మూడూ ఒకేసారి తగ్గుతాయి. అందుకే ఒంటరిగా ఎక్కువ ఫలితం ఇచ్చే స్లైడర్లలో అదొకటి. కానీ అదే సమయంలో ఇంధన ఖర్చు గ్రాఫు తెరిచి పెట్టుకోండి, బిల్లు ఎవరు కడతారన్న ప్రశ్న దానంతటదే లేస్తుంది. విద్యుత్ వాహనాల స్లైడర్ మరో తమాషా. గ్రిడ్ బొగ్గు మీద నడిచినంతకాలం దాని ప్రభావం తక్కువ, బొగ్గు తగ్గించాక అదే స్లైడర్‌కి బలం వస్తుంది. మీథేన్ సంగతి వేరు. అది గాలిలో ఉండేది పన్నెండేళ్లు అటూ ఇటూ కాబట్టి తగ్గించిన ఫలితం త్వరగా కనిపిస్తుంది. మీథేన్ తగ్గించడానికి గోదావరి డెల్టాలో వరి మడిని ఆరబెట్టి మళ్లీ తడిపే పద్ధతి గురించి మాట్లాడేవాళ్లకి ఈ గ్రాఫు పనికొస్తుంది.

వర్క్‌షాప్ నడిపేవాళ్లు గంటన్నర పెట్టుకుంటే సరిపోతుంది. ప్రొజెక్టర్, ల్యాప్‌టాప్ ఉండాలి, ఫోన్‌లో గ్రాఫులు చదవడం కష్టం. ఒకసారికి ఒక్క స్లైడరే కదపండి. కదిపే ముందు ఎంత తగ్గుతుందో సభ చేత అంకె చెప్పించి బోర్డు మీద రాయండి. తర్వాత లాగండి, రీప్లే బటన్ నొక్కి మార్పుని మళ్లీ చూపించండి. నాలుగైదు స్లైడర్లు ఒకేసారి లాగి 2 డిగ్రీలు రాగానే చప్పట్లు కొట్టించేవాళ్లుంటారు. అలాంటి సభ నుంచి ఎవరూ ఏమీ నేర్చుకుని వెళ్లరు. మూడు గంటల దాకా తీరిక ఉంటే పాత్రలు పంచే ఆట ఆడించవచ్చు. ప్రభుత్వం, శిలాజ ఇంధన కంపెనీలు, క్లీన్ టెక్, పరిశ్రమలు, వ్యవసాయం, ఉద్యమకారులు అంటూ జట్లుంటాయి. నడిపేవారికి కావాల్సిన స్లైడ్లు, శిక్షణ సంస్థే ఉచితంగా ఇస్తుంది.

ఇక లోపాలు. పెద్దది ఒకటే: ఇది ప్రపంచం మొత్తాన్ని ఒకే ముద్దగా చూస్తుంది. బొగ్గు స్లైడర్ ఎడమకి జరపడం చిటికెలో పని, కానీ సింగరేణి గనుల్లో కార్మికుడి కుటుంబం ఏమవుతుందో, రామగుండం బజారు ఏమవుతుందో ఆ స్లైడర్‌కి తెలియదు. కార్బన్ ధర పార్లమెంటులో నెగ్గుతుందా లేదా అన్నదీ దాని పని కాదు. వాతావరణ సున్నితత్వం, అంటే గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి ఎంత వేడెక్కుతుందన్నది, 3 డిగ్రీలు అని ముందే పెట్టి ఉంటుంది. అసంప్షన్స్ (మోడల్ ఊహలు) అనే చోటికి వెళ్లి మార్చుకోవచ్చు, మార్చి చూపించకపోతే సభ ఆ అంకెని వేదవాక్కు అనుకుంటుంది.

భారత్ గురించి మాట్లాడాలంటే సీ-రోడ్స్‌కే వెళ్లాలి. అదీ ఉచితమే. ఆరు ప్రాంతాల అమరికలో భారత్ విడిగా ఉంటుంది. ఉద్గారాలు ఏ ఏడాది శిఖరానికి చేరతాయి, ఎప్పటి నుంచి తగ్గుతాయి, ఏటా ఎంత శాతం తగ్గుతాయి అని మూడు అంకెలు ఇవ్వాలి. 2021లో గ్లాస్గోలో ప్రకటించిన 2070 నెట్ జీరో (వదిలినంత ఉద్గారాన్ని తిరిగి పీల్చేయడం) లక్ష్యాన్ని అక్కడ నింపి, పక్కనే తలసరి ఉద్గారాల గ్రాఫు తెరిస్తే ఎవరి వాటా ఎంత అన్న వాదన అంకెలతో సాగుతుంది.

మరో జాగ్రత్త. మీ సెట్టింగులన్నీ షేర్ లింకులో నిలిచిపోతాయి కాబట్టి విద్యార్థులకి పంపడం తేలిక. కానీ మోడల్‌ని అప్పుడప్పుడు సవరిస్తుంటారు. మునుపు 3.6 డిగ్రీల దగ్గర మొదలైన అంకె ఇప్పుడు 3.3కి దిగింది. పాత స్క్రీన్‌షాట్లతో చేసిన స్లైడ్లు ఉంటే తరగతికి ముందు రోజు ఒకసారి సరిచూసుకోండి, లేదంటే తెర మీద ఒక అంకె, మీ నోట ఇంకో అంకె వస్తాయి.