ఇంక్‌స్కేప్‌తో పదేళ్లు: హనుమకొండలోని ఒక చిన్న డిజైన్ దుకాణం అనుభవం

హనుమకొండలో నాకు ఒక చిన్న డిజైన్ దుకాణం ఉంది. పెండ్లి పత్రికలు, ఫ్లెక్సీలు, బిల్లు పుస్తకాలు, బండ్ల మీద అంటించే రేడియం స్టిక్కర్లు మా రోజువారీ పని. ఈ పని అంతటికీ 2015 నుంచి, బొమ్మలను గీతలుగా గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌నే ప్రధానంగా వాడుతున్నాను. అప్పటి 0.91 వెర్షన్‌తో మొదలుపెట్టి ఇప్పుడు 1.4 దాకా వచ్చాను. ఇన్నేళ్ల వాడకం తరువాత నా అభిప్రాయం ఒక్కటే. గీయడంలో ఈ సాఫ్ట్‌వేర్‌కు పెద్దగా వంక పెట్టలేము. కానీ మన పని ఎక్కడ చెడబోతున్నదో అది ముందుగా చెప్పదు. నేను పోగొట్టుకున్న కాగితం, సమయం, కొన్నిసార్లు గిరాకీ, దాదాపు అన్నీ ఆ చెప్పకపోవడం వల్ల పోయినవే.

దీన్ని ఎందుకు ఎంచుకున్నానో ముందు చెప్పాలి. మా ప్రాంతపు డీటీపీ పని చాలాకాలం పేజ్‌మేకర్ మీద, అను ఫాంట్ల మీద నడిచింది. ఆ పద్ధతిలో తెలుగు అక్షరం ఇంగ్లిష్ అక్షరాల సంకేతాల చోట కూర్చుంటుంది కాబట్టి, ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరిస్తే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలే కనిపిస్తాయి. ఇంక్‌స్కేప్ యూనికోడ్ తెలుగును నేరుగా తీసుకుంటుంది. ఫోన్‌లో పంపిన పేర్ల జాబితాను అతికిస్తే ఒత్తులు, గుణింతాలు వాటి చోట్లలోనే కూర్చుంటాయి. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. 2003లో సోడిపోడి అనే పాత ప్రోగ్రామ్ నుంచి విడిపోయి పుట్టిన ఈ సాఫ్ట్‌వేర్ అప్పటినుంచీ ఎస్‌వీజీ అనే బహిరంగ ఫార్మాట్‌నే తన సొంత ఫైలుగా వాడుతున్నది. నేను 2015లో చేసిన పత్రికలు ఈనాటికీ తెరుచుకుంటాయి. ఏటేటా చందా కట్టే అవసరం లేకుండా ఇలా తెరుచుకోవడం చిన్న దుకాణదారుడికి చిన్న విషయం కాదు.

అయితే పాత ఫైలు తెరుచుకోవడం వేరు, పాత కొలతతో తెరుచుకోవడం వేరు. 2017లో వచ్చిన 0.92 వెర్షన్‌లో అంగుళానికి 90 పిక్సెళ్ల లెక్కను 96కు మార్చారు. వెబ్ ప్రమాణాలతో సరిపోవడానికి చేసిన మార్పు అది, దానిలో తప్పు లేదు. పాత ఫైలు తెరిచినప్పుడు ఈ బొమ్మ తెర కోసం చేసిందా, ముద్రణ వంటి అసలు కొలతల కోసం చేసిందా అని ఒక పెట్టె అడిగేది. ఆ ప్రశ్న నాకు అర్థం కాలేదు. మొదటి దాన్ని ఎంచుకుని ముందుకు వెళ్లాను. 7 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల ఎత్తు ఉండవలసిన పత్రిక 6.56కు 4.69గా మారింది. తెర మీద చూస్తే తేడా ఏమీ కనిపించదు. ప్రూఫ్ తీసి, కాగితాన్ని ఆకారానికి కోసే కటింగ్ డై మీద పెట్టినప్పుడు వెడల్పులో దాదాపు అర అంగుళం తక్కువ పడింది. తెలిసినవాళ్లకు తప్ప అర్థం కాని మాటలతో అడిగిన ప్రశ్న, అడగని ప్రశ్నతో సమానం. అప్పటినుంచి ప్రతి ఫైలులోనూ ఒక మూలన సరిగ్గా ఒక అంగుళం గీతను వేరే లేయర్‌లో పెడుతున్నాను. ఫైలు తెరవగానే మొదట ఆ గీతను కొలుస్తాను.

కొలతల విషయంలోనే ఇంకొక చిక్కు ఉంది. ఒక పెట్టె గీసి వెడల్పు దగ్గర 7 అంగుళాలు అని రాస్తే, దాని చుట్టూ ఉన్న గీత మందం కూడా ఆ 7లోనే కలుస్తుంది. మందమైన అంచు పెట్టిన పత్రికలో అసలు పెట్టె ఆ మేరకు చిన్నదవుతుంది. ప్రిఫరెన్సెస్‌లో టూల్స్ అనే చోట బౌండింగ్ బాక్స్‌ను, అంటే కొలత తీసుకునే చుట్టు పెట్టెను, 'విజువల్' నుంచి 'జియోమెట్రిక్'కు మార్చుకుంటే ఈ బాధ శాశ్వతంగా పోతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటి రోజే చేసుకోవలసిన మార్పు ఇది. నాకు మూడేళ్ల తరువాత తెలిసింది.

తెలుగు అక్షరాల దగ్గర చెప్పవలసింది ఎక్కువ. వరుసల మధ్య ఎడం మామూలుగా 1.25 ఉంటుంది. ఇంగ్లిష్‌కు అది సరిపోతుంది. 'లక్ష్మి', 'స్వస్తిశ్రీ' వంటి మాటలు పై వరుసలో ఉండి, కింది వరుసలో గుడిదీర్ఘాలు ఉంటే ఒత్తులు వాటి మీద పడతాయి. నేను 1.5 కంటే తక్కువ ఎప్పుడూ పెట్టను. పత్రిక పైభాగాన దేవుడి పేరును తోరణంలాగా వంచి రాయమని చాలామంది అడుగుతారు. అక్షరాలను వంపు గీత మీద కూర్చోబెట్టినప్పుడు తలలు విడిపోతాయి, పాదాలు దగ్గరపడతాయి. ఇంగ్లిష్ అక్షరాల పాదాల కింద బరువేమీ ఉండదు కాబట్టి వాళ్లకు నడుస్తుంది; మనకు ఒత్తులన్నీ అక్కడే ఉంటాయి కాబట్టి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. దీనికి నాకు దొరికిన ఉపాయాలు రెండు: వంపును వీలైనంత వెడల్పు చేయడం, తరువాత కర్సర్‌ను అక్షరాల మధ్య నిలిపి ఆల్ట్ పట్టుకుని బాణం మీటతో ఒక్కొక్క అక్షరాన్ని జరపడం. ఓపిక కావాలి. కానీ ఆ ఓపిక పెట్టిన పత్రికకూ పెట్టని పత్రికకూ తేడా చేతిలోకి తీసుకోగానే తెలుస్తుంది.

ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే ఈ సాఫ్ట్‌వేర్ తనకు తోచిన మరొక ఫాంట్‌ను పెట్టి, మామూలు అమరికలో ఆ సంగతి చెప్పకుండా ఊరుకుంటుంది. ఇంట్లో రామభద్ర ఫాంట్‌తో చేసిన శీర్షిక దుకాణంలో వేరే రూపంలో తెరుచుకుని, చివరి రెండు అక్షరాలు అంచు దాటిపోయినా ఒక హెచ్చరిక లేదు. ఎక్స్‌టెన్షన్లలో 'రీప్లేస్ ఫాంట్' అనేది ఒకటి ఉంది. అది ఫాంట్‌ను మార్చడానికి చేసినదే అయినా, ఫైలులో ఏయే ఫాంట్లు ఉన్నాయో జాబితా కూడా ఇస్తుంది. నేను దాన్ని ఎక్కువగా ఆ జాబితా కోసమే వాడుతాను. ఇక్కడ ఒక మాట: మా పక్కనే ఉన్న బమ్మెర పోతన పేరుతో వచ్చిన పోతన ఫాంట్ ఈనాటికీ పద్యాలకు నా మొదటి ఎంపిక, దానిలో రాసిన పద్యం పాత అచ్చు పుస్తకంలో చదువుతున్నట్టే ఉంటుంది.

ప్రెస్సుకు పంపేముందు అక్షరాలను 'ఆబ్జెక్ట్ టు పాత్'తో గీతలుగా మార్చడం తప్పనిసరి. మార్చిన తరువాత అవి అక్షరాలు కావు, బొమ్మలు. సాయంత్రం పూట పెండ్లిపిల్ల మేనమామ వచ్చి "అన్నా, మా పెద్దమ్మ పేరు తప్పువడ్డది, జర సరిజెయ్యి" అంటే మార్చడానికి అక్కడ ఏమీ ఉండదు. అందుకే నా ప్రతి ఫైలులో 'రాత', 'గీత' అని రెండు లేయర్లు ఉంటాయి. రాతలో అసలు అక్షరాలు దాచి ఉంచుతాను, గీతలో వాటి నకలును మార్చి పెడతాను. తప్పును రాతలో దిద్ది మళ్లీ నకలు తీస్తాను.

రేడియం స్టిక్కర్ కోసం ఇది కూడా చాలదు. చాలా తెలుగు ఫాంట్లలో అక్షరం, దాని గుణింతం, ఒత్తు వేర్వేరు ముక్కలుగా ఉండి ఒకదానిమీద ఒకటి కొద్దిగా ఎక్కి ఉంటాయి. రంగు నింపి చూస్తే ఒకటే అక్షరంలాగా కనిపిస్తుంది. స్టిక్కర్‌ను బ్లేడుతో కోసే కటింగ్ ప్లాటర్‌కు మాత్రం ప్రతి ముక్క అంచూ ఒక కోతే. 'శ్రీ' అని కోస్తే ర ఒత్తు అక్షరం లోపలికి చొచ్చుకుపోయిన చోట కూడా బ్లేడు తిరిగి, పొర పీకేటప్పుడు ఆ చిన్న ముక్క ఊడి వస్తుంది. ముక్కలను కలపడానికి మొదట్లో నేను 'కంబైన్' వాడేవాణ్ని. అది ముక్కలను ఒకే పాత్‌లో, అంటే ఒకే గీతలో, చేరుస్తుందే తప్ప లోపలి అంచులను తీసెయ్యదు. పైగా కొన్నిసార్లు రెండు ముక్కలు ఎక్కిన చోట రంధ్రం కూడా పడుతుంది. కావలసింది 'యూనియన్'. కంట్రోల్‌తో పాటు ప్లస్ మీట నొక్కితే లోపలి అంచులు మాయమై బయటి గీత ఒక్కటే మిగులుతుంది. కోతకు పంపేముందు రంగు తీసేసి సన్నని గీత మాత్రమే ఉంచి ఒకసారి చూస్తాను. లోపల ఎక్కడైనా గీత కనిపిస్తే యూనియన్ కానట్టే.

ఇక రంగుల సంగతి. ఇంక్‌స్కేప్ తెర రంగుల్లో, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపే ఆర్‌జీబీలో పనిచేస్తుంది. దానిలోంచి వచ్చే పీడీఎఫ్ కూడా ఆర్‌జీబీయే. ఆఫ్‌సెట్ ప్రెస్సుకు కావలసింది సీఎంవైకే, అంటే సయాన్ నీలం, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు ఇంకుల లెక్క. ఫ్లెక్సీ మెషిన్లు ఆ మార్పును తమ సాఫ్ట్‌వేర్‌తో చేసుకుంటాయి కాబట్టి అక్కడ కొంత వరకు నడుస్తుంది, ఆఫ్‌సెట్‌లో నడవదు. బతుకమ్మ పండుగ కరపత్రంలో తెర మీద వెలిగిపోయే చిలకపచ్చ, రాణి రంగు కాగితం మీద ముసుగు వేసినట్టు వస్తాయి. అంతకంటే ప్రమాదకరమైనది నలుపు. తెర మీది స్వచ్ఛమైన నలుపు మారేటప్పుడు ఒక్క నల్ల ఇంకుగా కాక నాలుగు ఇంకుల మిశ్రమంగా మారుతుంది. ఒక పత్రికలో బంధువుల పేర్లు 8 పాయింట్ల అక్షరాల్లో ఉన్నాయి. ప్లేట్లు చేసిన తరువాత మెషిన్‌మ్యాన్ నన్ను పిలిచి చూపించాడు: "అన్నా, నలుపు నాలుగు ప్లేట్లల్ల వచ్చింది. రిజిస్టర్ జరంత జరిగినా గీ సన్నక్షరాలు నిలువయి." నాలుగు ఇంకులూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడటాన్నే రిజిస్టర్ అంటారు. షీటును వెలుతురుకు పట్టి చూస్తే ప్రతి అక్షరం అంచున ఒక వైపు ఎర్రటి పోగు, ఇంకొక వైపు నీలపు పోగు కనిపించాయి. నాలుగు ప్లేట్లూ మళ్లీ చేయించాను. ఆ ఖర్చు నాదే, తప్పు కూడా నాదే. పీడీఎఫ్ ఇచ్చింది నేను.

దీనికి నేను పేజీలు కూర్చే ఉచిత సాఫ్ట్‌వేర్ స్క్రైబస్‌ను ఆశ్రయించాను. ఇంక్‌స్కేప్‌లో గీతలుగా మార్చిన ఫైలును స్క్రైబస్‌లోకి తెచ్చుకుంటే, దానిలోని ప్రతి రంగూ 'ఫ్రమ్‌ఎస్‌వీజీ' అనే మాటతో మొదలై తన సంకేతంతో రంగుల జాబితాలో కనిపిస్తుంది. అక్కడ నలుపును తెరిచి, సీఎంవైకేకు మార్చి, నల్ల ఇంకు 100, మిగిలిన మూడూ సున్నా అని పెడితే, ఆ రంగు వాడిన ప్రతి అక్షరమూ ఒక్కసారే మారుతుంది. ఎరుపుకు కూడా అంతే. మెజెంటా 100, పసుపు 100 అని రాసి కుంకుమ రంగును నేనే నిర్ణయిస్తాను. పాత 1.4 స్క్రైబస్‌లో తెలుగు అక్షరాలు సరిగా కూర్చునేవి కావు, గీతలుగా మార్చి తీసుకుపోవడమే దారి. 2024లో వచ్చిన 1.6లో తెలుగు నేరుగా రాయవచ్చు; అయినా నా అలవాటును మార్చుకోలేదు. ఒక పరిమితి మాత్రం గుర్తుంచుకోవాలి: ఇంక్‌స్కేప్‌లో పెట్టిన మసక నీడలు స్క్రైబస్‌లోకి రావు. నీడను విడిగా బొమ్మగా తీసి కింద పెట్టాలి.

ఆ నీడల విషయంలోనే ఇంక్‌స్కేప్ చెప్పకుండా చేసే పని ఇంకొకటి ఉంది. నేరుగా పీడీఎఫ్ తీసినప్పుడు మసక భాగాలన్నీ పిక్సెళ్ల బొమ్మలుగా మారుతాయి, ఆ మార్పు అంగుళానికి 96 చొప్పున జరుగుతుంది. తెరకు అది చాలు. ముద్రణలో నీడ అంచులు మెట్లు మెట్లుగా వస్తాయి. పీడీఎఫ్ పెట్టెలో ఆ అంకెను 300 చేయాలి, అంతే.

మేడారం జాతర దగ్గరపడితే మా దగ్గర ఫ్లెక్సీల పనికి రాత్రీ పగలూ ఉండదు. 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు ఉన్న ఫ్లెక్సీని అంగుళానికి 72 పిక్సెళ్ల చొప్పున తీస్తే 8,640కి 6,912, అంటే దాదాపు 6 కోట్ల పిక్సెళ్లు. మసక నేపథ్యాలు, మెరుపులు ఉన్న ఫైలు ఆ పరిమాణంలో కదలదు. ఒక బొమ్మను జరిపితే తెర ఆగిపోతుంది. నేను పదో వంతు కొలతలో, 12 అంగుళాలకు 9.6 అంగుళాలుగా గీసి, చివరన అంగుళానికి 720 చొప్పున తీస్తాను. నేపథ్యాన్ని ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ జింప్‌లో చేసుకుని ఒకే బొమ్మగా తెచ్చుకుంటాను. అక్షరాలు సర్దేటప్పుడు చూపును, రంగులు లేకుండా గీతలే చూపే అవుట్‌లైన్‌కు మార్చుకుంటే పాత కంప్యూటర్ మీద కూడా పని సాగుతుంది. ఐదు నిమిషాలకొకసారి దానంతట అదే సేవ్ అయ్యేలా పెట్టుకున్నాను. జాతర రోజుల్లో ఆ ఐదు నిమిషాలు కూడా ఎక్కువే అనిపిస్తుంది.

పేజీల బాధ తీరింది. 2022లో వచ్చిన 1.2 వరకు పత్రికకూ కవరుకూ లోపలి కాగితానికీ వేర్వేరు ఫైళ్లు ఉండేవి. ఇప్పుడు ఒకే ఫైలులో పేజీలుగా ఉంటాయి.

మెచ్చుకోవలసిన చోట మెచ్చుకోకపోతే అన్యాయం అవుతుంది. కాకతీయ కళాతోరణం లేని ఫ్లెక్సీ మా ఊళ్లో అరుదు. ఫొటోను 'ట్రేస్ బిట్‌మ్యాప్'తో గీతలుగా మారిస్తే వేల నోడ్లతో, అంటే గీతను మలిచే చుక్కలతో, గరుకైన బొమ్మ వస్తుంది, దాన్ని సరిచేయడం కంటే కొత్తగా గీయడం మేలు. నేను కోటలో నిలబడి తీసుకున్న ఫొటోను కింద పెట్టుకుని తోరణంలో సగాన్ని మాత్రమే గీశాను. పాత్ ఎఫెక్ట్‌లలోని 'మిర్రర్ సిమెట్రీ' మిగిలిన సగాన్ని తానే చూపిస్తుంది. ఎడమ వైపు హంసను దిద్దితే కుడి వైపు హంస కూడా దిద్దుకుంటుంది. ఆ బొమ్మ ఆటో వెనుక స్టిక్కర్‌గానూ, 20 అడుగుల ఫ్లెక్సీ మీదనూ ఒకే స్పష్టతతో వచ్చింది.

నా మార్పులన్నింటినీ, అంటే అంగుళం గీత, రాత, గీత లేయర్లు, వరుసల ఎడం, సరిహద్దు గీతలు, ఒక ఖాళీ ఫైలులో పెట్టి టెంప్లేట్‌గా సేవ్ చేశాను. దుకాణంలో కొత్తగా చేరిన అబ్బాయి దానితోనే పని మొదలుపెడతాడు. పీడీఎఫ్ తీసేముందు 300 అంకె, నలుపు, ఫాంట్ల జాబితా, ఈ మూడూ చూడమని మానిటర్ అంచుకు ఒక చీటీ అంటించాను. ఆ చీటీలో ఉన్న మూడు మాటలను ఎక్స్‌పోర్ట్ పెట్టెలో సాఫ్ట్‌వేరే అడిగే రోజు వస్తే, దాన్ని పీకేస్తాను.