అమ్మ మోకాళ్ళతో సిమ్లా

సిమ్లాలో హోటల్ బుక్ చేసేటప్పుడు, అందరూ షికారుకి వెళ్ళే మాల్ రోడ్‌కి ఎంత దూరం అని ఫోన్‌లో అడిగాను. 300 మీటర్లు అన్నారు. కొలిస్తే అంతే ఉంటుంది కూడా. కానీ ఆ 300 మీటర్లూ మెట్లే! అమ్మకి 67 ఏళ్ళు, మోకాళ్ళు అరిగాయి. మొదటి సాయంత్రం సగం మెట్లెక్కి గోడ పట్టుకుని నిలబడిపోయింది. "ఒరేయ్, మీరిద్దరూ వెళ్ళి చూసి రండి, నేనిక్కడే కూర్చుంటా" అంది. తమ్ముడూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అమ్మ కోసమే పెట్టుకున్న యాత్ర ఇది.

మర్నాడే గది మార్చేశాం. ఈసారి కింద బస్సులు తిరిగే కార్ట్ రోడ్ మీద, మాల్‌కి ఎక్కించే లిఫ్ట్‌కి దగ్గరలో తీసుకున్నాం. కిటికీలోంచి కొండలు అంతగా కనబడవు, తెల్లారేసరికి బస్సుల హారన్లు మొదలవుతాయి. అయినా మిగతా మూడు రోజులూ అమ్మ హాయిగా తిరిగిందంటే ఆ గది వల్లే. పెద్దవాళ్ళతో వెళ్తుంటే కారు ఎక్కడిదాకా వస్తుంది, అక్కడి నుంచి మెట్లెన్ని, లిఫ్ట్ ఎంత దూరం అన్న మూడూ అడిగాకే డబ్బు కట్టండి.

ఊరంతా అంతస్తులుగా ఉంటుంది. బస్సులూ ట్యాక్సీలూ తిరిగే కార్ట్ రోడ్ కింద, దానికి పైన లోయర్ బజార్, ఆ పైన మాల్, ఇంకా పైన రిడ్జ్ అనే విశాలమైన ఖాళీ స్థలం. మాల్ మీదకి మామూలు వాహనాలు రానివ్వరు. కార్ట్ రోడ్ నుంచి మాల్‌కి హిమాచల్ టూరిజం వాళ్ళ లిఫ్ట్ ఉంది. రెండు దశలు: ఒక లిఫ్ట్ దిగి, కొంచెం నడిచి, రెండోది ఎక్కాలి. టికెట్ చాలా తక్కువ. సాయంత్రం క్యూ పెరుగుతుంది, రాత్రి మూసేస్తారు కాబట్టి కిందికి దిగే టైమ్ చూసుకోవాలి. సామాను మోయడానికి కూలీలు దొరుకుతారు, ధర ముందే మాట్లాడుకోండి. ట్రాలీ సూట్‌కేసు చక్రాలు ఆ మెట్ల మీద దేనికీ పనికిరావు.

వెళ్ళేటప్పుడు కొండల కిందున్న కాల్కా నుంచి చిన్న రైల్లో వెళ్ళాం. 1903లో మొదలైన లైను, 2008లో యునెస్కో జాబితాలో చేరింది. 96 కిలోమీటర్లకి అయిదున్నర గంటలు పట్టింది. 656 మీటర్ల ఎత్తు నుంచి 2,000 మీటర్లు దాటి ఎక్కాలి, వంపు మీద వంపు, అందుకే అంత నెమ్మది. అన్నిటికన్నా పొడుగైన బరోగ్ సొరంగం 1,143 మీటర్లు. అది దాటగానే వచ్చే స్టేషన్లో దిగి కాళ్ళు చాపుకుంటే ప్రాణం లేచొచ్చింది. సీట్లు ఇరుకే. తొందరలో ఉన్నవాళ్ళకి ఈ రైలు వద్దంటాను, ఒక పగలంతా ఇవ్వగలిగినవాళ్ళు మాత్రం వదులుకోవద్దు. 2023 ఆగస్టు వానలకి సిమ్లా పక్కనే ఉన్న సమ్మర్ హిల్ దగ్గర కింద మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. అందుకే వానాకాలంలో వెళ్ళేవాళ్ళు బయల్దేరే ముందు రైలు నడుస్తోందో లేదో చూసుకోవడం మంచిది.

నాకు బాగా నచ్చింది మాత్రం సిటీ బస్సు. చిన్న బస్సు, ఆ మలుపుల్లో ఎదురుగా ఇంకో బస్సు వస్తే రెండూ గోడకీ లోయకీ ఆనుకుని తప్పుకుంటాయి. మొదట్లో టెన్షన్‌గా అనిపించింది. కండక్టర్ నోట్లో ఈల ఉంటుంది, ఒకసారి ఊదితే ఆపమని, రెండుసార్లు ఊదితే పొమ్మని. అమ్మ దాన్ని ఒక్క రోజులో పట్టేసింది. 'ఎక్ సౌ తీన్' అని ఒక స్టాపు ఉంది, అంటే 103. రైలు దారిలో చివరి సొరంగం నంబరే అక్కడ స్టాపు పేరైపోయింది. వైస్రాయ్ ఉండే పాత భవనానికి బాలూగంజ్ దాకా బస్సులోనే వెళ్ళాం. అక్కడి నుంచి ఎక్కుడు దారి, అమ్మకి ట్యాక్సీ తప్పలేదు.

జాఖూ గుడికి రోప్‌వే ఎక్కాం. కొన్ని నిమిషాల ప్రయాణానికి టికెట్ ఖరీదే. మోకాళ్ళు బాగుంటే రిడ్జ్ నుంచి నడిచి వెళ్ళొచ్చు, కానీ బాగా నిటారు. 108 అడుగుల హనుమంతుడి ముందు అమ్మ కళ్ళు తుడుచుకుంటుంటే ఆ డబ్బు గురించి మళ్ళీ ఆలోచించలేదు.

తిరుగు ప్రయాణం బస్సులో. చండీగఢ్ వెళ్ళే బస్సులు ఊరి మధ్యలోని పాత బస్టాండ్‌లో కాకుండా టూటీకండీలోని పెద్ద బస్టాండ్‌లో దొరుకుతాయి. ఈ సంగతి తెలియక చాలామంది పాతదానికి వెళ్ళి పరుగులు పెడుతుంటారు. రెంటి మధ్యా సిటీ బస్సులున్నాయి, అరగంట ముందే బయల్దేరండి. వాంతుల బిళ్ళ ఎక్కబోయే ముందే వేసుకోవాలి. అమ్మని ముందు వరసలో కూర్చోబెట్టాం. రెండు ఈలలు వినిపించగానే వెనక్కి తిరిగి "పోనిస్తున్నాడ్రా" అంది.