ఫ్యాన్సీ టెక్స్ట్ కన్వర్టర్లు: చాలాకాలం వాడాక తేలిన సంగతులు

మామూలు ఇంగ్లిష్ మాటను పెట్టెలో టైప్ చేస్తే కింద లావుగా, ఏటవాలుగా, గొలుసుకట్టుగా, వలయాల్లో రకరకాలుగా చూపించే టూల్స్ గురించి ఈ సమీక్ష. వీటిని అందరూ ఫాంట్లు అంటారు కానీ ఇక్కడ మారేది ఫాంట్ కాదు, అక్షరమే. వీటి మంచీ చెడూ రెండూ అక్కణ్నుంచే వస్తాయి.

ప్రపంచంలోని ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం యూనికోడ్. 2001లో వచ్చిన దాని 3.1 వెర్షన్‌లో గణిత సూత్రాలు రాసుకోవడానికి లావు, ఏటవాలు అక్షరాలను విడిగా చేర్చారు. టూల్ చేసే పని ఉత్త కూడిక. ఇంగ్లిష్ పెద్ద ఎ సంఖ్య 65. దానికి 119743 కలిపితే 119808, అంటే లావు ఎ. ప్రొఫైల్ పేరులోనో బయోలోనో బోల్డ్ బటన్ లేకపోయినా లావు అక్షరం నిలబడుతుందంటే కారణం ఇదే. ఈ సౌలభ్యం నిజంగా గొప్పది.

అయితే ఆ వరుసలో ఖాళీలున్నాయి. అంతకుముందే యూనికోడ్‌లో ఉన్న గుర్తులను మళ్లీ చేర్చలేదు. ఏటవాలు చిన్న హెచ్ 119893 దగ్గర ఉండాలి, అక్కడ ఏమీ లేదు. భౌతికశాస్త్రంలోని ప్లాంక్ స్థిరాంకం గుర్తుగా అది ముందే 8462లో ఉంది. కూడిక మాత్రమే తెలిసిన టూల్ హెచ్ వచ్చిన చోటల్లా ఖాళీ డబ్బా ఇస్తుంది. కొత్త టూల్ ఏది దొరికినా ముందు ఇటాలిక్‌లో చిన్న హెచ్ కొట్టి చూడండి. డబ్బా వచ్చిందంటే దాన్ని వదిలేయడమే మేలు.

గొలుసుకట్టు రకంలో ఇలాంటి ఖాళీలు పదకొండు: పెద్దవాటిలో బి, ఇ, ఎఫ్, హెచ్, ఐ, ఎల్, ఎమ్, ఆర్; చిన్నవాటిలో ఇ, జి, ఓ. మంచి టూల్ వీటిని పాత స్థానాల నుంచి తెచ్చి పూరిస్తుంది. అప్పుడు కూడా కొన్ని ఫోన్లలో ఆ అక్షరాలు వేరే ఫాంట్ నుంచి వచ్చి, ఒకే మాటలో ఒకటి సన్నగా ఒకటి లావుగా అతుకులేసినట్టు కనిపిస్తాయి. విరుగుడు తేలిక: లావు గొలుసుకట్టు వాడండి. ఆ వరుసలో ఒక్క ఖాళీ కూడా లేదు. పాత జర్మన్ అచ్చులాంటి ఫ్రాక్టర్‌కూ ఇదే మాట, మామూలు దాంట్లో ఐదు ఖాళీలు, లావు దాంట్లో సున్నా. అంకెలకు మాత్రం ఏటవాలు రూపమే లేదు, లావువి వాడుకోవాలి.

చదరపు గళ్లలోని అక్షరాల్లో నల్లగళ్లవి ఇబ్బంది పెడతాయి. ఎ, బి, ఓ, పి నాలుగూ ఇమోజీలు కూడా కావడంతో ఫోన్‌లో అవి రంగుల్లో, మిగతావి నలుపులో వస్తాయి. ఆ నాలుగింటి వెనుక 65038 సంఖ్య గల కనిపించని గుర్తు చేరిస్తే చాలాచోట్ల సర్దుకుంటుంది. జెండాల కోసం పెట్టిన అక్షరాలతో మాట రాస్తే ఐ, ఎన్ పక్కపక్కన పడ్డ చోట చాలా ఫోన్లు భారత జెండా వేస్తాయి. మధ్యలో జీరో విడ్త్ స్పేస్, అంటే వెడల్పే లేని కనిపించని ఖాళీ గుర్తు, పెట్టాలి.

తెలుగు సంగతి వేరు. మన లిపికి యూనికోడ్‌లో 128 స్థానాలున్న ఒకే బ్లాక్ ఉంది, అలంకార రూపాలు లేవు. తెలుగు మాట ఇస్తే టూల్ దాన్ని అలాగే తిరిగి ఇస్తుంది. మిగిలేవి అటూ ఇటూ పెట్టే తోరణాలు (బాగా వాడే రెక్కల జత జావా లిపిలోది), తర్వాత కొట్టివేత, అడుగు గీత. ఈ గీతల దగ్గరే టూల్స్ తప్పు చేస్తాయి. క్ష అంటే కంప్యూటర్‌కు క, పొల్లు, ష అనే మూడు సంకేతాలు. ఒక్కోదాని వెనుక గీత దూర్చితే ఒత్తు విడిపోవచ్చు, గుణింతం గుర్తు కింద చుక్కల వలయం పడవచ్చు. మూడూ అయ్యాక ఒక్క గీత పెట్టాలి. అక్షరాన్ని పూర్తిగా గుర్తించి గీత వేసే టూల్స్ అరుదు, చేత్తో పెట్టుకోవడమే నయం.

ఎక్స్‌లో 280 అక్షరాల పరిమితి ఉన్న పోస్టులో ఈ లావు అక్షరం ఒక్కోటి రెండుగా లెక్కకొస్తుంది, అంటే 140తో సరి. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోటి నాలుగు బైట్లు. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లోని పాత యూటీఎఫ్8 టేబుల్ మూడు బైట్లే పట్టుకుంటుంది కాబట్టి ఫారం ఎర్రర్ ఇస్తుంది, లేదా అక్కడి నుంచి మాట తెగిపోతుంది. దరఖాస్తుల్లో, చిరునామాల్లో, పాస్‌వర్డుల్లో వీటిని అసలు వాడకండి.

అన్నిటికన్నా బాధించేది స్క్రీన్ రీడర్ వ్యవహారం. చూపు లేనివాళ్లకు అది ఒక్కో అక్షరాన్నీ మ్యాథమెటికల్ బోల్డ్ క్యాపిటల్ ఫలానా అని చదవవచ్చు, లేదా ఏమీ పలకకుండా దాటిపోవచ్చు. ఫోన్ నంబరు, తేదీ, సమయం, లింకు మామూలు అక్షరాల్లోనే ఉంచండి. అలంకారం రెండు మూడు మాటలు దాటనివ్వకండి.

వెనక్కి మార్చాలంటే ప్రోగ్రామింగ్ భాష పైథాన్‌లోని యూనికోడ్‌డేటా మాడ్యూల్‌తో ఎన్ఎఫ్‌కేసీ పద్ధతిలో (అలంకార రూపాన్ని మామూలు అక్షరంగా మార్చే యూనికోడ్ పద్ధతి ఇది) నార్మలైజ్ చేస్తే గణిత అక్షరాలు, వలయాల్లోవి మామూలు రూపానికి వచ్చేస్తాయి. తలకిందుల రాత, చిన్న సైజు పెద్దక్షరాలు మాత్రం రావు. అవి ధ్వనుల లిపి నుంచి, ఇతర చోట్ల నుంచి ఏరి తెచ్చిన వేరే అక్షరాలు. అవి వాడేముందు అసలు మాటను ఒక నోట్‌లో దాచుకోండి.