రష్షా, ల్యాన్సా? ఇర్వింగ్‌లో మా వింగ్స్ షాపు గురించి

ముందే చెప్తున్నా, ఈ చికెన్ వింగ్స్ షాపు పేరు రాయట్లేదు. పైన రష్, ల్యాన్స్ అన్నవి ఇద్దరు ఆటగాళ్ళ పేర్లు, వాళ్ళ సంగతి కింద చెప్తా. ఒక ఫ్యామిలీ నడుపుకునే చిన్న చోటు, కింద రెండు మూడు కంప్లైంట్లు కూడా రాశాను, నా రాతల వల్ల వాళ్ళ గిరాకీ తగ్గడం నాకు ఇష్టం లేదు. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉండే మనవాళ్ళలో కౌబాయ్స్ (డాలస్ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్) గేమ్స్ చూసేవాళ్ళకి ఎలాగూ సగం చదివేసరికి ఏ షాపో తెలిసిపోతుంది.

డాలస్ వచ్చి నాకు ఏడేళ్ళు. మొదటి మూడేళ్ళు ఫుట్‌బాల్ జోలికే పోలేదు, ఆదివారం పొద్దున్నే క్రికెట్ లీగ్ మ్యాచ్, మధ్యాహ్నం బిర్యానీ, నిద్ర, అంతే. తర్వాత ఆఫీసులో సోమవారం అందరూ మాట్లాడుకునేది ఒక్క ముక్క అర్థంకాక, సరే నేర్చుకుందాం అని గేమ్స్ చూడ్డానికి ఈ షాపుకి వెళ్ళడం మొదలుపెట్టా. ఇంట్లో టీవీ ముందు ఒక్కడినే కూర్చుంటే రెండు సీజన్లు చూసినా ఈ ఆట నాకు ఎక్కేది కాదు, ఇక్కడ పక్క టేబుల్ వాళ్ళ గొడవలు వింటూ ఎక్కింది. గొడవంటే కొట్టుకోవడం కాదు, ఎవరు ఆడాలి ఎవరు కూర్చోవాలి అనే వాదన, అదీ ముఖ్యంగా క్వార్టర్‌బ్యాక్ గురించి. తెలియనివాళ్ళ కోసం, దాదాపు ప్రతి ప్లేలోనూ, అంటే ఆటలో ఒక్కో విడతలోనూ, బంతి ముందు ఇతని చేతికే వస్తుంది, పరిగెత్తేవాడికి ఇవ్వాలా, దూరంగా విసరాలా అన్నది రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి, ఈలోపు అవతలి వాళ్ళు నలుగురైదుగురు మీద పడిపోవడానికి వస్తుంటారు. మన ఆటల్లో ఒక్క మనిషి మీద ఇంత భారం పడటం నేనైతే చూడలేదు, కెప్టెన్‌ని ఓపెనర్‌ని చివరి ఓవర్ బౌలర్‌ని కలిపి ఒకడిని చేస్తే ఎంతో అంత.

2024 సీజన్ సంగతి చెప్తా, ఈ షాపు నాకు బాగా నచ్చింది ఆ నవంబర్‌లోనే. సెప్టెంబర్‌లో సీజన్ మొదటి మ్యాచ్ రోజే కౌబాయ్స్ క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌కి నాలుగేళ్ళకి 240 మిలియన్ డాలర్ల కాంట్రాక్ట్ ఇచ్చారు, అంటే ఏడాదికి 60 మిలియన్లు, అప్పటికి లీగ్‌లో అదే అన్నిటికన్నా ఎక్కువ. రెండు నెలలు తిరక్కుండానే అట్లాంటాలో హ్యామ్‌స్ట్రింగ్, అంటే తొడ వెనక కండరం, పోయింది, సర్జరీ, సీజన్ అయిపోయింది. ఇక మిగిలింది ఇద్దరు. ఒకడు కూపర్ రష్, 2017 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ళని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే చోట) ఎవరూ తీసుకోకపోతే వచ్చి చేరినవాడు, 2022లో డాక్ బొటనవేలు విరిగినప్పుడు వరసగా నాలుగు మ్యాచ్‌లు గెలిపించినవాడు. రెండోవాడు ట్రే ల్యాన్స్, 2021 డ్రాఫ్ట్‌లో మూడో నంబర్, అతని కోసం శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్ళు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, అంటే మొదటి విడతలో ఎంచుకునే వంతులు, ధారపోస్తే, తర్వాత మనవాళ్ళు 2023లో ఒక్క ఫోర్త్ రౌండ్ పిక్ ఇచ్చి తెచ్చుకున్నారు. రష్ చెయ్యి మరీ బలమైనది కాదు కానీ ఎక్కడ ఎవరుంటారో తెలుసు. ల్యాన్స్‌కి కాళ్ళున్నాయి, చెయ్యుంది, ఆడిన మ్యాచ్‌లు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

నవంబర్ 10న ఫిలడెల్ఫియాతో మ్యాచ్ చూడ్డానికి మేం ఆరుగురం షాపుకి వెళ్ళాం, నేను, నా భార్య, ఒంగోలు నుంచి వచ్చి మాతో ఉంటున్న అమ్మా నాన్నా, పక్కింటి బాబాయ్, వాళ్ళబ్బాయి. 34-6తో చిత్తుగా ఓడిపోయాం, రష్ మొత్తం మ్యాచ్‌లో విసిరింది 45 గజాలు. అది చాలదన్నట్టు ఆర్లింగ్టన్ స్టేడియంలో పడమటి వైపు అద్దాల్లోంచి ఎండ పడి, బంతి పట్టాల్సిన సీడీ ల్యాంబ్‌కి ఎండ్‌జోన్‌లో (పాయింట్లు వచ్చే చివరి పట్టీలో) బంతి కనపడక చేతులు కూడా ఎత్తలేదు. షాపంతా ఒక్కసారి లేచి నిలబడి తల పట్టుకుంది. తర్వాత ల్యాన్స్‌ని దింపారు, అతను ఒక ఇంటర్‌సెప్షన్ ఇచ్చాడు, అంటే విసిరిన బంతి అవతలివాళ్ళ చేతిలో పడింది. ఇక మొదలైంది చూడండి.

మా వెనక టేబుల్‌లో ఒక కుర్రాడు ల్యాన్స్ వైపు. మొత్తం సీజన్ 3-6 (మూడు గెలుపులు, ఆరు ఓటములు) అయిపోయింది, ప్లేఆఫ్స్ (చివరి నాకౌట్ మ్యాచ్‌లు) లేవు, ల్యాన్స్ కాంట్రాక్ట్ ఈ ఏడాదితో అయిపోతుంది, ఇప్పుడు కాకపోతే ఎప్పుడు చూస్తారు, ఖర్చుపెట్టి తెచ్చిన సామాను అటక మీద పెట్టుకుంటారా అన్నాడు. బార్ దగ్గర రష్ జెర్సీ వేసుకున్నావిడ, ఆ 45 గజాల్లో రష్ తప్పెంత, ముందు అతన్ని కాపాడే లైన్ నిలబడితే కదా అని ఒక్కొక్క ప్లే గుర్తుచేసి మరీ వాదించింది. మూడో బ్యాచ్ కూడా ఉంది, ఓడిపోనివ్వండి, ఎక్కువ ఓడితే వచ్చే డ్రాఫ్ట్‌లో ముందు వంతు వస్తుంది అనేవాళ్ళు, వాళ్ళని మాత్రం ఇద్దరూ కలిసి కసిరారు. నేనప్పుడు ల్యాన్స్ వైపే, ఆ కుర్రాడి మాట నాకు న్యాయంగా అనిపించింది.

నా మనసు మార్చింది మూల టేబుల్ పెద్దాయన. డెబ్బై దాటి ఉంటాయి, ప్రతి గేమ్‌కీ అదే కుర్చీ, పాతకాలం క్వార్టర్‌బ్యాక్ స్టాబాక్ 12 నంబర్ జెర్సీ, భుజాల దగ్గర ఉతికి ఉతికి తెల్లబడిపోయింది. ఇర్వింగ్‌లో కౌబాయ్స్ పాత టెక్సస్ స్టేడియం ఉండేది కదా, 1971 అక్టోబర్‌లో తెరిచారు, 2010లో కూల్చేశారు, ఆ మొదటి మ్యాచ్‌కి వాళ్ళ నాన్నతో వెళ్ళాడట. ఆ ఏడాది కోచ్ టామ్ ల్యాండ్రీకి కూడా ఇదే తలనొప్పి, క్రెయిగ్ మార్టనా, రోజర్ స్టాబాకా అని. తేల్చుకోలేక చికాగోలో ఒక మ్యాచ్ మొత్తం ఒక ప్లేకి ఒకడిని, తర్వాతి ప్లేకి ఇంకొకడిని మార్చి మార్చి పంపాడు, 23-19తో ఓడిపోయారు, టీమ్ 4-3కి పడిపోయింది. ఆ తర్వాత స్టాబాక్ ఒక్కడే అని చెప్పేశాడు. మిగిలిన ఏడూ గెలిచారు, ప్లేఆఫ్స్ గెలిచారు, మయామీ మీద 24-3తో కౌబాయ్స్‌కి మొదటి సూపర్ బౌల్, అంటే లీగ్ టైటిల్, వచ్చింది. పెద్దాయన ఇదంతా గొంతు పెంచకుండా, రాంచ్ సాస్ గిన్నె పక్కన రెండు సెలరీ ముక్కలు పెట్టి, ఇది మార్టన్, ఇది స్టాబాక్ అని జరుపుతూ చెప్పాడు. ఇద్దరిలో ఎవరు గొప్ప అన్నది తర్వాత, హడిల్‌లో (ప్లేకి ముందు చుట్టూ చేరే గుంపులో) ఉన్న పదిమందికి వచ్చే ప్లేలో ఎవరి గొంతు వినపడుతుందో తెలియాలి, అది తెలియకపోతే ఇద్దరూ పనికిరారు, ఆయన మాటల సారాంశం ఇదే.

నేను నాన్నకి తెలుగులో చెప్తుంటే, నాన్న చిన్నప్పుడు ఊళ్ళో కబడ్డీ ఆడినవాడు, వెంటనే అందుకున్నాడు. "కూతకి ఎవడు వెళ్తాడో ముందే తేలిపోవాలిరా, గీత దగ్గరకొచ్చాక నువ్వెళ్ళు నువ్వెళ్ళు అనుకుంటే ఇద్దరూ అవుటే" అన్నాడు. నేనది ఇంగ్లీషులో చెప్తే పెద్దాయన కబడ్డీ అంటే ఏంటో మొత్తం అడిగి తెలుసుకున్నాడు, ఊపిరి బిగబట్టి కూత పెడతారంటే నమ్మలేదు, నాన్న అక్కడే నిలబడి కూత పెట్టి చూపించాడు. షాపులో సగం మంది చప్పట్లు కొట్టారు. మా అమ్మ తల దించుకుని నవ్వింది.

అందుకే ఆ నవంబర్‌లో రష్‌ని కొనసాగించడమే సరైన పని అని నేను ఇప్పటికీ అంటా. హ్యూస్టన్ చేతిలో 34-10తో ఓడినా మార్చలేదు, ఆ మ్యాచ్‌లో రష్ 55 సార్లు విసిరాడు, తర్వాత వారం వాషింగ్టన్ వెళ్ళి 34-26తో గెలిచారు, థాంక్స్‌గివింగ్ రోజు న్యూయార్క్ మీద 27-20. ల్యాన్స్‌కి చివరి మ్యాచ్ ఒకటి మొత్తం ఇచ్చారు, 244 గజాలు విసిరాడు, 23-19తో ఓడినా బాగానే ఆడాడు, మా వెనక టేబుల్ కుర్రాడికి ఆ మాట చెప్పాలనిపించింది. సీజన్ 7-10తో ముగిసింది. ఆ తర్వాత ఇద్దరూ వేరే టీమ్‌లకి వెళ్ళిపోయారు.

ఇక తిండి సంగతి. లెమన్ పెప్పర్ వింగ్స్ ఒక్కటి చాలు, బోన్‌ఇన్ తీసుకోండి, బోన్‌లెస్ వద్దు, అది పిండే ఎక్కువ. వేడివేడిగా బుట్టలో వేసి తెస్తారు, తోలు కరకరలాడుతూ, వెన్న కాగితం మీదకి కారుతూ, మిరియం పొడిగా కాకుండా పలుకులుగా పంటికింద తగులుతుంది, చివర్లో నిమ్మకాయ చెక్క పిండుకుంటే మా అమ్మ అన్నట్టు మిరియాల కోడి వేపుడికి దూరపు చుట్టం. మ్యాంగో హబనేరో కారం బాగానే ఉంటుంది కానీ తీపి ముందు తగులుతుంది, మనకి అంత సయించదు. బఫలో సాస్‌లో వెనిగర్ ఎక్కువ. ఫ్రైస్ మామూలు. శాకాహారులకి ఫ్రైడ్ పికిల్స్, చీజ్ స్టిక్స్, నాచోస్ ఉన్నాయి, నాచోస్‌లో మాంసం వద్దని ఆర్డర్ ఇచ్చేటప్పుడే గట్టిగా చెప్పండి, ఒకసారి మా బాబాయ్‌కి పొరపాటున మాంసంతో వచ్చింది, అడగ్గానే క్షమించమని చెప్పి కొత్తది తెచ్చారు, డబ్బులు కూడా తీసుకోలేదు. వేయించే నూనె ఒకటేనా అని అడిగితే దాచకుండా అవును ఒకటే అని చెప్పారు, పట్టింపు ఉన్నవాళ్ళు అది చూసుకోండి.

కంప్లైంట్లకి వస్తే, పెద్దది టీవీలది. లోపల బార్ దగ్గర ఉన్నవి కేబుల్, బయట ప్యాటియోలో ఉన్నవి స్ట్రీమింగ్, బయటివి అర నిమిషం దాకా వెనక ఉంటాయి. ఆ వాషింగ్టన్ మ్యాచ్ రోజు మాకు ప్యాటియోలోనే చోటు దొరికింది. ఆట 21 సెకన్లు మిగిలి ఉంది, వాళ్ళు 86 గజాల టచ్‌డౌన్ కొట్టి, అంటే బంతిని ఎండ్‌జోన్‌లోకి చేర్చి, ఒక్క పాయింట్ తేడాకి వచ్చేశారు, ఎక్స్‌ట్రా పాయింట్ తన్నితే సమానం, మా టీవీలో కిక్కర్ ఇంకా నడుచుకుంటూ వస్తున్నాడు, ఈలోపు లోపల్నుంచి కేకలు, బల్లలు గుద్దడం. మిస్సయిందని మాకు అర్థమైపోయింది. తర్వాత బంతి మళ్ళీ తమకే దక్కాలని వాళ్ళు దగ్గరగా తన్నిన ఆన్‌సైడ్ కిక్‌ని మన జువానే థామస్ పట్టుకుని నేరుగా టచ్‌డౌన్‌కి పరిగెత్తాడు, అది కూడా మాకు ముందే అరుపుల్లో వినపడింది, తర్వాత బొమ్మ వచ్చింది. అలాంటి రోజు మళ్ళీ ఎప్పుడొస్తుంది, నాకు నిజంగా బాధేసింది. ఓనర్‌తో చెప్పా, లోపలి కేబుల్‌నే బయటికి లాగిస్తామన్నారు, పోయిన నెల వెళ్ళినప్పుడు చూస్తే రెండు టీవీలకి లాగారు, మూడోది ఇంకా అలాగే ఉంది. గోడ వైపు ఉన్న ఆ మూడో టీవీ ముందు మాత్రం కూర్చోకండి.

రెండోది బిల్లు. ఆరుగురు దాటితే టిప్ 18 శాతం బిల్లులోనే కలిపేస్తారు, కింద మళ్ళీ టిప్ గీత ఉంటుంది, చూసుకోకపోతే రెండుసార్లు ఇస్తాం. మోసం ఏమీ లేదు, మెనూ వెనక రాసే ఉంది, కానీ వెయిట్రెస్ నోటితో చెప్తే బాగుంటుంది. రెస్ట్‌రూమ్ ఒక్కటే కావడం వల్ల హాఫ్‌టైమ్‌లో క్యూ బయటిదాకా ఉంటుంది, రెండో క్వార్టర్ మధ్యలోనే వెళ్ళొచ్చేయండి.

గేమ్ రోజుల్లో రిజర్వేషన్ తీసుకోరు. పన్నెండింటి మ్యాచ్‌కైతే పదకొండుకల్లా ఉండాలి, 3:25 మ్యాచ్‌కి రెండింటికి. చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళు బార్‌కి దూరంగా కిటికీ పక్క బల్లలు అడగండి, అక్కడ గోల తక్కువ, క్రేయాన్స్ కూడా ఇస్తారు. తలకి పాతిక డాలర్లలోపే అయిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు, ఆట తెలియదని మొహమాటపడకండి, పక్క టేబుల్‌ని ఎవరు ఆడాలని మీ ఉద్దేశం అని ఒక్క ముక్క అడగండి, తర్వాత గంట మీరేం మాట్లాడక్కర్లేదు. నేనైతే అయిదుకి నాలుగున్నర ఇస్తా, ఆ అర మూడో టీవీకి కేబుల్ లాగాక ఇస్తా.

నాన్నావాళ్ళు జనవరిలో ఒంగోలు వెళ్ళిపోయారు. 2025 సీజన్ మొదటి మ్యాచ్ మళ్ళీ ఫిలడెల్ఫియాతోనే, సెప్టెంబర్ 4 గురువారం రాత్రి, ఆ ముందురోజు ఫోన్ చేసి వాతావరణం అడగలేదు, పిల్లాడి జ్వరం అడగలేదు, "ఈసారి కూతకి ఎవర్రా" అన్నాడు. డాక్ వచ్చేశాడు నాన్నా అన్నా. మూల టేబుల్ పెద్దాయనకి నమస్కారం చెప్పమన్నాడు, చెప్పాను.