రాజమండ్రి దామెర్ల గ్యాలరీకి వెళ్ళేటప్పుడు రబ్బరు ఇంట్లో పెట్టండి

రాజమండ్రి వచ్చిన చుట్టాలు పుష్కరాల రేవు చూస్తారు, ఇస్కాన్ గుడి చూస్తారు, ఓపికుంటే పాపికొండల లాంచీ ఎక్కుతారు. గోదావరి గట్టు రోడ్డులో దామెర్ల రామారావు చిత్రకళా గ్యాలరీ ఉందంటే మాత్రం "అదెక్కడండీ?" అని ఎదురడుగుతారు. ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళదీ అదే ప్రశ్న. నేను హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టార్ని. ఏటా కొంతమంది పిల్లల్ని వెంటేసుకుని వెళ్తుంటాను కాబట్టి నాకు తోచింది రాస్తున్నా.

రామారావు 1897లో ఈ ఊళ్ళోనే పుట్టాడు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే దొర కుర్రాడిలో పనితనం కనిపెట్టి బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి వెళ్ళేలా చేశాడు. (అడివి బాపిరాజు కూడా ఆ దొర శిష్యుడే. ఒక్క మాస్టారు ఎంతమందిని తయారుచేశాడో చూడండి!) చదువయ్యాక బొంబాయిలో ఉండిపోకుండా సొంతూరొచ్చి బొమ్మల బడి పెట్టాడు. 1925లో మశూచి సోకి పోయేనాటికి 28 ఏళ్ళు కూడా నిండలేదు. బడిని నిలబెట్టింది ఆయన స్నేహితుడు వరదా వెంకటరత్నం. ఇప్పుడది ప్రభుత్వ గ్యాలరీ, దానికి అనుబంధంగా చిత్రలేఖనం నేర్పే బడి.

లోపలికి వెళ్ళిన ప్రతివాళ్ళూ వెతుక్కునేది 'సిద్ధార్థ రాగోదయం'. సిద్ధార్థుడు యశోధరను తొలిసారి చూసే ఘట్టం. కూర్పు గొప్పదే, కాదనను. అయితే నా మట్టుకు నాకు, పురాణాల బొమ్మల్లో ఆయన మరీ ఒళ్ళు దగ్గర పెట్టుకుని గీసినట్టు ఉంటుంది. ఋష్యశృంగుడి బొమ్మకి 1922లో కలకత్తాలో వైస్రాయ్ బహుమతి వచ్చిందని పిల్లలకి చెబుతాను గానీ, దాని గురించి పెద్దగా ఊదరగొట్టను. గోదావరి లంకలు, కొండలు, బావి దగ్గర ఆడవాళ్ళు గీసినప్పుడే ఆయన చెయ్యి ఆడింది. పలచటి రంగు మీద పలచటి రంగు, ఆ చివర సన్నటి గీత. అంతే. అచ్చులో గానీ ఫోన్లో గానీ ఆ పలచదనం కనబడదు.

అన్నిటికన్నా ఎక్కువసేపు పెన్సిల్ స్కెచ్‌ల దగ్గర నిలబడండి. గీత మెడ దగ్గర మొదలై, భుజం మీంచి జారి, మోచేతి దాకా ఒక్క ఊపున వస్తుంది. బరువు పడే చోట నొక్కి నల్లగా, వెలుతురు తగిలే చోట తేల్చి, ఉందా లేదా అన్నట్టుగా. షేడింగ్ వంక పోకుండానే ఒళ్ళు గుండ్రంగా కనిపిస్తుంది. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి చాలాసేపు చూసి, "చెరిపిన మరకలు లేవేంటి సార్?" అంది. మా పిల్లలు గీసే దానికన్నా చెరిపేదే ఎక్కువ! అప్పట్నించీ ఇక్కడికి రబ్బరు తేవద్దని చెబుతున్నాను. గీత తప్పితే పక్కన ఇంకోటి గీయమంటాను. కాగితాలు పాడవుతాయి. కానివ్వండి.

తల్లిదండ్రులు నన్నడిగేది ఒకటే: డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకి ఇదేమన్నా పనికొస్తుందా అని. పరీక్షకి కావలసింది సాధన, అది ఎక్కడ చేసినా ఒకటే. కాకపోతే అసలు బొమ్మ ఎదురుగా కూర్చుని అరచెయ్యో, పమిట మడతో ఒక్కసారి దించుకున్న పిల్లలకీ, గైడు చూసి దించే పిల్లలకీ తేడా నాకు వాళ్ళ కాగితం చూడగానే తెలిసిపోతుంది. ఆ మాట వాళ్ళకి నచ్చదు, అది వేరే సంగతి.

సాలార్‌జంగ్ మ్యూజియంలా రోజంతా తిరిగే చోటు కాదిది. గంటన్నర చాలు, ఆ గంటన్నరా నాలుగైదు బొమ్మల దగ్గరే గడపండి. టైముంటే రాళ్ళబండి సుబ్బారావు మ్యూజియం కూడా చూసుకోండి, రాతి శిల్పాలు గీసుకోవడానికి బాగుంటుంది. సెలవు రోజేమో ముందే కనుక్కుని బయల్దేరండి. బొమ్మలు గీసుకుంటామని అక్కడివాళ్ళతో ఒక మాట చెప్పండి. నీటి రంగులూ బాటిళ్ళూ వద్దు. ఓ అట్ట, నాలుగు తెల్ల కాగితాలు, 2బి పెన్సిల్ సరిపోతాయి.